సైట్ ఏ ఫైల్ చదువుతోంది? మంగళగిరి చీరల షాపు తెలుగు సైట్‌పై ఒక కేస్ స్టడీ

ఆషాఢం మొదలైన మొదటి శనివారం పొద్దున్న ఆరున్నరకు ఫోన్ వచ్చింది. "బాబూ, సైట్ తెరిస్తే సగం దాకా వచ్చి ఆగిపోతోంది. రాత్రే ఆఫర్ పెట్టాం. ఇప్పటికే ఇద్దరు ఫోన్ చేసి అడిగారు" అన్నారు అక్క. మంగళగిరిలో వాళ్లది చేనేత చీరల షాపు. నిజాం అంచు చీరలు, డ్రెస్ మెటీరియల్ నేతవాళ్ల దగ్గర తీసుకుని కొంత షాపులో, కొంత ఆన్‌లైన్‌లో అమ్ముతారు. సైట్ వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్) ఉంది, మొత్తం తెలుగులో ఉంది. తెలుగులోనే ఉండాలన్నది ఆవిడ పట్టు. ఆవిడ దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమంది యాభై దాటిన ఆడవాళ్లు. డబ్బు కట్టే పేజీలో ఇంగ్లీష్ కనిపిస్తే ఫోన్ పక్కన పెట్టి "మా అబ్బాయి వచ్చాక చేయిస్తా" అంటారు. అబ్బాయి వచ్చేసరికి చీర సంగతి మర్చిపోతారు. అందుకే ఆ సైట్‌లో ఒక్క బటన్ ఇంగ్లీష్‌లోకి జారినా నాకు అది చిన్న విషయం కాదు.

రెండేళ్లుగా ఆ సైట్ నేనే చూస్తున్నాను. ఆ ఆషాఢం నెలలో అనువాద ఫైళ్లకు సంబంధించి నాలుగు తప్పులు వరసగా బయటపడ్డాయి. వాటిలో ఒకటి సైట్‌నే ఆపేసింది. మిగతా మూడింటిదీ ఒకటే ఫిర్యాదు, "ఇక్కడ తెలుగు సరిగా రావట్లేదు" అని. లోపలికి వెళ్లి చూస్తే ఒక్కోదానిది ఒక్కో కారణం.

మొదట ఆగిపోయిన పేజీ సంగతి.

సైట్‌లో వచ్చే తప్పులన్నీ నమోదయ్యే లాగ్ ఫైల్ తెరిచాను. ఆఫర్ల ప్లగిన్‌లోని (ప్లగిన్ అంటే వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్) ఒక పీహెచ్‌పీ ఫైల్ (పీహెచ్‌పీ దాన్ని రాసిన కోడ్ భాష) పేరు, లైన్ నంబర్, దాని ముందు "3 ఆర్గ్యుమెంట్లు కావాలి, 2 ఇచ్చారు" అన్న అర్థం వచ్చే ఎర్రర్ (ఆర్గ్యుమెంట్ అంటే కోడ్‌కు అందించే విలువ). లాగ్ వేలు చూపించేది ప్లగిన్ కోడ్ వైపే కాబట్టి ఎవరైనా మొదట ప్లగిన్‌నే అనుమానిస్తారు. నేనూ అదే అనుకుని, దాని పాత వెర్షన్ వెయ్యడానికి సిద్ధపడ్డాను. అయితే ఆ లైన్ చదివితే అందులో ఏమీ లేదు. ఒక వాక్యాన్ని అనువాదం నుంచి తెచ్చుకుని, అందులో తగ్గింపు సంఖ్యను ఇరికించి చూపించడం, అంతే. వాక్యం ఒకటి, సంఖ్య ఒకటి, మొత్తం రెండు. మూడోది ఎక్కడి నుంచి వచ్చింది?

సెట్టింగ్స్‌లో సైట్ భాషను తెలుగు నుంచి ఇంగ్లీష్‌కు మార్చి పేజీ మళ్లీ తెరిచాను. చక్కగా వచ్చేసింది. అంటే కోడ్ బాగానే ఉంది, తప్పు తెలుగు ఫైల్లో ఉంది. అక్కకు ఫోన్ చేసి "ఒక గంట ఇంగ్లీష్‌లో ఉంచుతానండి, ఆర్డర్లయితే ఆగవు" అని చెప్పి పనిలో కూర్చున్నాను.

ఈ పనికి కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. వర్డ్‌ప్రెస్ ప్లగిన్లు, సైట్‌కు రూపురేఖలిచ్చే థీమ్‌లలో వాక్యాలు ఇంగ్లీష్‌లో రాసి ఉంటాయి. వాటి తెలుగు జతలను మనం రాసుకునే ఫైల్‌ను పీఓ అంటాం. యంత్రం చదివే రూపం ఎంఓ. అనువదించని ఖాళీ మూసను పాట్ అంటారు. వాక్యం మధ్యలో సంఖ్యో పేరో వచ్చి కూర్చోవలసిన చోట ప్లేస్‌హోల్డర్ ఉంటుంది. శాతం గుర్తు పక్కన డి అక్షరం ఉంటే అక్కడ సంఖ్య వస్తుంది, ఎస్ ఉంటే మాట వస్తుంది. మరి తెర మీద నిజంగానే శాతం గుర్తు కనిపించాలంటే? రెండు శాతం గుర్తులు పక్కపక్కనే పెట్టాలి: %% ఇలా. ఒకటే పెడితే యంత్రం దాన్ని ఇంకో ప్లేస్‌హోల్డర్ అనుకుంటుంది.

మన తెలుగు ఫైల్లో జరిగింది అదే. "10% తగ్గింపు" అని రావలసిన వాక్యం ఇంగ్లీష్ మూలంలో సంఖ్య ప్లేస్‌హోల్డర్, దాని వెంటనే %%. తెలుగులో ఒక్క % మాత్రమే ఉంది. చూసేవాళ్లకు రెండు శాతం గుర్తులు టైపింగ్ పొరపాటులాగే అనిపిస్తాయి కాబట్టి ఒకటి తీసేశారు. దాంతో యంత్రం ఆ ఒంటరి గుర్తును చూసి, దానికి ఇవ్వడానికి ఇంకో విలువ కావాలని అడిగింది.

మరి ఇంతకాలం ఎలా నడిచింది? ఆ అనువాదం రెండేళ్ల కిందటిది. హోస్టింగ్ వాళ్లు వేసవిలో సర్వర్ మీద పీహెచ్‌పీని 7.4 నుంచి 8.1కి మార్చారు. 7.4 వరకు ఇలాంటి చోట లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, వాక్యం బదులు ఏమీ చూపించకుండా ముందుకు పోయేది. 8.0 నుంచి అదే తప్పు ఫేటల్ ఎర్రర్ అయింది, పేజీ అక్కడే ఆగిపోతుంది. వేసవిలో మార్చినా ఆషాఢం దాకా ఎవరికీ తెలియకపోవడానికి కారణం, తగ్గింపు ఉన్నప్పుడే ఆ వాక్యం పని చేస్తుంది. ఆవిడ ఏడాదికి ఒకసారి, ఆషాఢంలోనే తగ్గింపు పెడతారు.

ఇదంతా అక్కకు వివరిస్తుంటే ఆవిడ ఒక మాట అన్నారు. "అందుకేనా బాబూ, పోయినేడు చీర ఫొటో మీద ఎర్ర బిళ్ల ఖాళీగా వచ్చింది? అది డిజైన్ అనుకున్నాను." అవును, అదే. తప్పు పోయినేడే తన గుర్తు చూపించింది. నేను చూడలేదు, ఆవిడ చెప్పలేదు. అప్పటి నుంచి నేను ఏ సైట్‌లోనైనా మాటలు లేని ఖాళీ బటన్, ఖాళీ బిళ్ల కనిపిస్తే ముందు అనువాద ఫైలే తెరుస్తున్నాను.

ఆ వాక్యం దిద్దడానికి అర నిమిషం. కానీ అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో తెలియాలి కదా. అనువాద ఫైళ్ల కోసం ఉన్న గెట్‌టెక్స్ట్ పరికరాల్లో ఎంఎస్‌జీఎఫ్ఎంటీ అని ఒకటుంది. చెక్ ఆప్షన్‌తో నడిపితే మూలంలోని ప్లేస్‌హోల్డర్లూ అనువాదంలోవీ సరిపోతున్నాయో లేదో చూసి, సరిపోనిచోట లైన్ నంబర్ చెబుతుంది. నడిపాను. ఒక్క తప్పూ లేదంది! తప్పు కళ్లముందే ఉంది, పరికరమేమో లేదంటోంది. కాసేపు తల పట్టుకున్నాను.

కారణం పీఓ ఫైల్ తెరిచి చూశాక దొరికింది. ప్లేస్‌హోల్డర్ ఉన్న ప్రతి వాక్యం పైన "ఇది పీహెచ్‌పీ ఫార్మాట్ వాక్యం" అని చెప్పే ఒక చిన్న గుర్తు లైన్ ఉంటుంది. పరికరం ఆ గుర్తు ఉన్నవాటినే పరీక్షిస్తుంది. మా ఫైల్లో ఆ గుర్తులు ఒక్కటీ లేవు. రెండేళ్ల కిందట నేను ఈ వాక్యాలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, అక్క వాళ్ల చుట్టాల్లో రిటైరైన తెలుగు మాస్టారికి పంపాను. ఆయన చక్కటి తెలుగు రాసి పంపితే, షీట్ నుంచి తిరిగి పీఓగా మార్చుకున్నాను. షీట్‌లో ఉన్నవి రెండు నిలువు వరసలే, ఇంగ్లీష్, తెలుగు. గుర్తులు ఆ దారిలో రాలిపోయాయి. మాస్టారి తప్పేమీ లేదు. ఆయనకు %% అంటే ఏమిటో చెప్పవలసింది నేను.

ప్లగిన్ కోడ్ నుంచి కొత్త పాట్ తీసి, మా పీఓను దానితో కలిపాను. కలిపేటప్పుడు గుర్తులు పాట్ నుంచి తిరిగి వస్తాయి. మళ్లీ చెక్ నడిపితే నాలుగు లైన్లు చూపించింది. రెండు ఇలాంటి శాతం గుర్తులే. ఒకచోట ఎస్ అక్షరం బదులు తెలుగు "స" ఉంది. ఇంకోచోట ప్లేస్‌హోల్డర్‌నే వదిలేశారు. నాలుగూ దిద్ది, ఎంఓ చేసి, ఎనిమిదింటికల్లా సైట్‌ను తెలుగులోకి తిప్పాను.

ఇప్పుడు రెండోది. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే గట్టిగా తెలుసుకోవలసింది, ఎందుకంటే దీనిలో ఎర్రర్ అనేదే రాదు.

షాపింగ్ ప్లగిన్‌కు వర్డ్‌ప్రెస్ నుంచి తెలుగు భాషా ప్యాక్ దానంతటదే దిగుతుంది. స్వచ్ఛందంగా అనువదించేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో చేసి పెట్టిన పని అది, అది లేకపోతే నాలాంటివాళ్లం వేల వాక్యాలు మొదటి నుంచి రాయాలి. కానీ అందులో కార్ట్‌ను "బండి" అన్నారు. "చీరని బండిలో వేయడమేంటి బాబూ, బుట్ట అని పెట్టు" అన్నారు అక్క. నిజమే, చీరల షాపులో బుట్ట అంటేనే అందంగా ఉంటుంది. పీఓ ఫైళ్లు దిద్దే పోఎడిట్‌లో ఆ పీఓ తెరిచి, బండి ఉన్నచోటల్లా బుట్ట చేసి, కొత్త పీఓ, ఎంఓ రెండూ సర్వర్ మీద పాతవాటి స్థానంలో పెట్టాను. సైట్ తెరిస్తే బండే. క్యాష్ (దాచి ఉంచిన పాత కాపీ) తీసేశాను. బండే. వేరే ఫోన్‌లో, వేరే నెట్‌లో చూశాను. బండే.

ఇలాంటప్పుడు ఊహించుకుంటూ కూర్చోకుండా నేను చేసే పరీక్ష ఒకటుంది. ఒక ప్లగిన్‌కు తెలుగు ఫైల్ ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉండవచ్చు. ప్లగిన్ సొంత ఫోల్డర్ లోపల ఒకటి, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే లాంగ్వేజెస్ ఫోల్డర్‌లో ఒకటి. 2016లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.6 వెర్షన్ నుంచి ఉమ్మడి ఫోల్డర్‌దే పెద్దపీట. అందుకని ఒకే బటన్ వాక్యం చివర ప్లగిన్ ఫోల్డర్‌లోని ఫైల్లో "అ" అని, ఉమ్మడి ఫోల్డర్‌లోని ఫైల్లో "ఆ" అని చేర్చి ఎంఓ చేసి పెట్టాను. పేజీ తెరిస్తే ఏ అక్షరం కనిపిస్తే సైట్ ఆ ఫైలే చదువుతున్నట్టు.

"అ" రాలేదు, "ఆ" రాలేదు. బటన్ మీద "బండిలో వేయండి" అని శుభ్రంగా ఉంది.

అంటే నేను ముట్టుకోని మూడో ఫైల్ ఒకటి ఎక్కడో ఉంది. ఉమ్మడి ఫోల్డర్‌లో ఫైళ్లన్నీ పేరు వరసలో పెట్టి చూస్తే, పీఓ, ఎంఓ పక్కనే అదే పేరుతో ఇంకొకటి. చివర మాత్రం డాట్ ఎల్10ఎన్ డాట్ పీహెచ్‌పీ. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే తెలుగు వాక్యాలు మామూలుగానే కనిపించాయి, "బండి"తో సహా. బటన్ వాక్యం చివర "ఇ" పెట్టి సేవ్ చేసి పేజీ రిఫ్రెష్ చేశాను. "బండిలో వేయండిఇ". ఇదే ఆ ఫైల్.

2024 ఏప్రిల్‌లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి అనువాదాలను ఎంఓ బదులు పీహెచ్‌పీ ఫైల్‌గా కూడా చదవగలదు. అది వేగంగా లోడ్ అవుతుంది, భాషా ప్యాక్‌లతోనే వస్తుంది. ఒకే పేరుతో రెండూ ఉంటే మొదట పీహెచ్‌పీ ఫైల్‌నే తీసుకుంటుంది, ఎంఓ వైపు చూడదు. నేను పాత అలవాటు ప్రకారం పీఓ, ఎంఓ మార్చి ఊరుకున్నాను, పాత పీహెచ్‌పీ ఫైల్ అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేస్తే ఎంఓ పని చేస్తుంది. లేదా వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ పరికరంలో మేక్ పీహెచ్‌పీ కమాండ్‌తో మన పీఓ నుంచే కొత్తది చేసుకోవచ్చు. ఒక జాగ్రత్త. ఇది పీహెచ్‌పీ ఫైల్ కాబట్టి సర్వర్‌లో పీహెచ్‌పీ ఫైళ్లను దాచుకునే ఓపీక్యాష్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మామూలు సెట్టింగ్‌లో రెండు సెకన్లకోసారి మార్పుల కోసం చూసుకుంటుంది, కొన్ని సర్వర్లలో ఆ చూడటాన్ని ఆపేసి ఉంచుతారు. అలాంటిచోట ఓపీక్యాష్ రీసెట్ చేస్తే తప్ప కొత్త మాట కనబడదు.

అయినా ఉమ్మడి ఫోల్డర్‌లో మన మాటలు పెట్టడమే నిలకడలేని పని. భాషా ప్యాక్ కొత్తది దిగిన రోజు మన బుట్ట పోయి మళ్లీ బండి వస్తుంది. ప్లగిన్ ఫోల్డర్‌లో పెడితే ప్లగిన్ అప్‌డేట్‌తో పోతుంది. అందుకే అనువాదాల కోసం ఉన్న లోకో ట్రాన్స్‌లేట్ ప్లగిన్ వేసి, దాని కస్టమ్ ఫోల్డర్‌లోకి మా ఫైల్ మార్చాను. అప్‌డేట్లు ఆ ఫోల్డర్ జోలికి రావు.

మూడోది థీమ్. దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. సైట్ కట్టిన రోజు నుంచి వెతికే పెట్టె, "ఇంకా చదవండి" లాంటివి ఇంగ్లీష్‌లోనే ఉన్నాయట. తెలుగు ఫైల్ ఉంది, పూర్తిగా అనువదించి ఉంది, పేరు తప్పు. వర్డ్‌ప్రెస్‌లో హిందీ, తమిళం, మలయాళం కోడ్‌ల చివర ఐఎన్ అని దేశం గుర్తు ఉంటుంది. తెలుగుకు, కన్నడకు అది లేదు. తెలుగు కోడ్ వట్టి టీఈ. ముందు కట్టినాయన హిందీ సైట్ చూసి చేశారేమో, టీఈ తర్వాత అండర్‌స్కోర్ ఐఎన్ పెట్టారు. ఇంకో మెలిక కూడా ఉంది. థీమ్ సొంత ఫోల్డర్‌లో అయితే ఫైల్ పేరు వట్టి భాషా కోడే. అదే ఫైల్‌ను ఉమ్మడి ఫోల్డర్‌లో పెడితే పేరు ముందు థీమ్ టెక్స్ట్ డొమైన్ (దాని అనువాదాలకు పెట్టిన గుర్తింపు పేరు), హైఫన్ కూడా ఉండాలి. పేరు మార్చాను, మొత్తం తెలుగు వచ్చేసింది. ఎవరో కష్టపడి చేసిన అనువాదం ఒక పేరు వల్ల ఇన్నాళ్లూ మూలన పడి ఉండటం చూసి మనసుకు కష్టమనిపించింది.

నాలుగోది డబ్బు కట్టే పేజీలో. డెలివరీ తేదీ ఎంచుకునే పెట్టె ఒక్కటి ఆ ప్లగిన్ అప్‌డేట్ తర్వాత ఇంగ్లీష్‌లోకి మారింది. అదే ప్లగిన్ మిగతా వాక్యాలన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఇలా ఒకే ప్లగిన్‌లో సగం తెలుగు, సగం ఇంగ్లీష్ కనిపిస్తే ఆ ఇంగ్లీష్ భాగాన్ని బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్ తయారు చేస్తోందేమో చూడాలి. జావాస్క్రిప్ట్ ఎంఓ ఫైల్ చదవదు. దానికి 2018లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.0 వెర్షన్ నుంచి వేరే జేసన్ ఫైల్ ఉంటుంది. ఆ ఫైల్ పేరులో టెక్స్ట్ డొమైన్, భాషా కోడ్ తర్వాత 32 అక్షరాల చిక్కుముడి ఒకటి ఉంటుంది. అది ఊరికే వచ్చింది కాదు, ప్లగిన్ ఫోల్డర్ లోపల ఆ జావాస్క్రిప్ట్ ఫైల్ ఉన్న దారికి ఎండీ5 లెక్క (ఇచ్చిన అక్షరాల నుంచి ఒక గుర్తింపు కోడ్ తీసే పద్ధతి). అప్‌డేట్‌లో వాళ్లు ఫైల్‌ను ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు మార్చారు. దారి మారింది, లెక్క మారింది, మా జేసన్ పేరు పాతదే. పేజీ సోర్స్ తెరిచి ఆ స్క్రిప్ట్ ముందు అనువాదాలు ఉన్నాయా అని వెతికితే ఏమీ లేదు, దాంతో ఫైలే దొరకలేదని తేలింది.

కొత్త పాట్‌తో పీఓ కలిపి, కమాండ్ లైన్‌లో మేక్ జేసన్ నడిపితే సరైన పేరుతో అదే చేసి ఇచ్చింది. ఇక్కడొకటి గుర్తుపెట్టుకోండి. ఆ కమాండ్ మామూలుగా నడిపితే జేసన్‌లోకి వెళ్లిన జావాస్క్రిప్ట్ వాక్యాలను పీఓ నుంచి తీసేస్తుంది. నో పర్జ్ అని చెబితేనే ఉంచుతుంది. కిందటేడు వేరే పనిలో నాకు ఇలా కొన్ని వాక్యాలు పోతే పాత బ్యాకప్ వెతికి తెచ్చుకోవలసి వచ్చింది. అలాగే పాట్‌తో కలిపినప్పుడు ఇంగ్లీష్ కొంచెం మారిన వాక్యాలకు ఫజీ అని గుర్తు పడుతుంది. పీఓలో తెలుగు కనిపిస్తూనే ఉంటుంది, ఎంఎస్‌జీఎఫ్ఎంటీ మాత్రం వాటిని ఎంఓలోకి తీసుకోదు. ఒక్కొక్కటీ చదివి గుర్తు తీసెయ్యాలి.

పనంతా అయ్యాక సైట్ మొత్తం ఫోన్‌లో ఒకసారి కొనేవాళ్లలా తిరిగాను. చీరల జాబితా కింద "2లో 5వ పేజీ" అని ఉంది. ఐదు పేజీల్లో రెండోదిలో ఉన్నాను. ఇంగ్లీష్‌లో ముందు ఇప్పటి పేజీ, తర్వాత మొత్తం. తెలుగులో మొత్తం ముందు రావాలి, "5లో 2వ పేజీ" అని. ప్లేస్‌హోల్డర్లను వచ్చిన వరసలోనే వదిలేసి మాటలు మాత్రం తెలుగు చేస్తే ఇలా తిరగబడుతుంది. ప్లేస్‌హోల్డర్‌లో శాతం గుర్తు తర్వాత 1, 2 అని నంబరు, డాలర్ గుర్తు పెడితే ఏది ఎక్కడ రావాలో మనమే చెప్పవచ్చు. ప్లేస్‌హోల్డర్ల లెక్క సరిపోయింది కాబట్టి ఈ తప్పును ఏ పరికరమూ పట్టుకోలేదు. తెలుగు తెలిసిన మనిషి చదవాల్సిందే. చీర పేరు తర్వాత "ను బుట్టలో వేశాం" అని విడిగా వేలాడుతున్న వాక్యాన్ని కూడా "బుట్టలో చేరింది:" అని ముందుకు తెచ్చి, పేరు చివర్లో పెట్టాను. ఏ పేరు వచ్చినా ఇక విభక్తితో ఇబ్బంది లేదు.

శ్రావణంలో షాపింగ్ ప్లగిన్‌కు పెద్ద అప్‌డేట్, దాని వెనకే కొత్త భాషా ప్యాక్ వచ్చాయి. వేసే ముందు టెస్ట్ సైట్‌లో కస్టమ్ ఫోల్డర్‌లోని ఫైల్లో అదే బటన్ వాక్యం చివర "ఈ" చేర్చి, రెండూ అప్‌డేట్ చేసి పేజీ తెరిచాను. "బుట్టలో వేయండిఈ" అని వచ్చింది. ఆ "ఈ" తీసేసి, అసలు సైట్ మీద అప్‌డేట్ నొక్కాను.